అంకె చెప్పకుండా ఎవరిది ఎక్కువో తేల్చడం ఎట్లా?

కల్వకుర్తి పక్కన ఒక ఊళ్లో నాలుగెకరాల చెలక అమ్మకానికి వచ్చింది అనుకుందాం. ఎకరానికి 42 లక్షలకు తగ్గేది లేదని అమ్మేవాడి మనసులో ఉంది. 45 దాకా పోదామని కొనేవాడు ఇంట్లో మాట్లాడుకొని వచ్చాడు. ఇద్దరూ ఛాయ్ హోటల్ ముందు కూర్చొని గంటన్నర నుంచి వాన గురించి, కొత్తగా పడుతున్న రోడ్డు గురించి మాట్లాడుతున్నారు గానీ ధర మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు, ఎందుకంటే ముందు నోరు తెరిచినవాడికే నష్టం. 42 అని బయటపడితే కొనేవాడు అక్కడే బిగుసుకుంటాడు, 45 అని బయటపడితే అమ్మేవాడు 45 దగ్గరే తిష్ట వేస్తాడు. నిజానికి ఆ పూటకు ఇద్దరికీ తెలియాల్సింది ఒక్క ముక్కే. బేరం కుదిరే వీలుందా, లేక ఛాయ్ తాగి ఎవరి దారిన వాళ్లు పోవాలా?

ఇట్లాంటి చోట మామూలుగా మధ్యవర్తి వస్తాడు. అమ్మేవాడిని వేపచెట్టు కిందికి పిలిచి "అన్నా, నీ ఆఖరు మాట నా చెవిలో చెప్పు" అంటాడు, కొనేవాడిని కారు దగ్గరికి తీసుకుపోయి అదే మాట అడుగుతాడు, ఇక రెండు అంకెలూ ఆయన బుర్రలో ఉంటాయి. మంచోడైతే మంచిదే. కానీ కమీషన్ రెండు వైపుల నుంచీ వస్తుంది, రేపు ఇంకో బేరంలో ఇదే కొనేవాడితో పని పడుతుంది, పైగా సాయంత్రానికల్లా "వాళ్లు 42కే ఇస్తరట" అని ఊళ్లో తిరగడం మొదలవుతుంది. రహస్యం నిలవాలంటే మూడో మనిషి నిజాయితీ మీద మొత్తం బరువు పెట్టాలి, చిక్కంతా అక్కడే. ఆ మూడో మనిషే లేకుండా, ఎవరి అంకె వాళ్ల దగ్గరే ఉంచుకొని, ఏది ఎక్కువో మాత్రం తేల్చుకోగలరా?

కంప్యూటర్ సైన్స్‌లో ఈ ప్రశ్నను సూటిగా అడిగినవాడు ఆండ్రూ యావో, 1982లో. ఇద్దరు మిలియనీర్లు ఉన్నారు, ఎవరు ఎక్కువ ఉన్నవాళ్లో తెలుసుకోవాలని ఇద్దరికీ ఉబలాటం, ఆస్తి ఎంతో చెప్పడానికి మాత్రం ఇద్దరికీ ఇష్టం లేదు. అందుకే దీనికి మిలియనీర్ల సమస్య అనే పేరు పడింది. యావో ప్రశ్నతో ఆగకుండా తేల్చే దారి కూడా చూపించాడు, 2000లో ఆయనకు కంప్యూటర్ సైన్స్‌లో అతిపెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన చిట్ ఫండ్ల చట్టం కూడా 1982 నాటిదే కావడం యాదృచ్ఛికమే అయినా తమాషాగా ఉంటుంది, ఎందుకంటే చిట్టీ పాటలో ఎవరికి ఎంత అవసరం పడిందో గది మొత్తానికీ తెలిసిపోతుంది, బిడ్డ పెండ్లి దగ్గర పడ్డవాడు ఎంత దాకా పాడతాడో మిగతావాళ్లు ముందే లెక్క వేసుకొని వస్తారు.

అసలు అంకె దాచుకొని బేరమాడటం మనకు కొత్త కాదు. పెబ్బేరు లాంటి పశువుల సంతల్లో పాత బేరగాళ్ల పద్ధతి ఒకటి ఉంది. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుకుంటారు, లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొని ధర చెప్పుకుంటారు, చుట్టూ పదిమంది నిలబడ్డా ఆ ఎద్దుల జత ఎంతకు తెగిందో ఎవరికీ తెలియదు. మంచి ఏర్పాటే, కానీ తువ్వాల ఎవరి నుంచి కాపాడుతున్నదో చూడాలి. అది పక్కవాళ్ల కళ్ల నుంచి కాపాడుతుంది, ఎదుటివాడి చేతి నుంచి కాదు. సమాచారానికి తాళం వేసి పంపే మామూలు ఎన్‌క్రిప్షన్ కూడా అచ్చం అంతే. బ్యాంకు యాప్ నుంచో వాట్సాప్ నుంచో పోయే సమాచారం దారిలో ఎవరికీ అర్థం కాదు, అటు చివర ఉన్నవాడు మాత్రం విప్పి చదువుకుంటాడు. కల్వకుర్తి బేరంలో కావాల్సింది ఇంకో మెట్టు పైది. ఎదుటివాడికి కూడా అంకె కనపడొద్దు, అయినా లెక్క జరగాలి.

కనపడకుండా లెక్క చేయడమే హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్. పేరు చూసి కంగారు పడాల్సిన పని లేదు. అంకెకు తాళం వేస్తారు, తాళం తీయకుండానే దాని మీద కూడికో గుణకారమో చేస్తారు, చివర్న తాళం చెవి ఉన్నవాడు తీసి చూస్తే లోపల సరైన జవాబు ఉంటుంది. ఇది ఎట్లా కుదురుతుందో బడిలో చదువుకున్న ఘాతాలు గుర్తుచేసుకుంటే సగం తెలిసిపోతుంది. రెండును మూడుసార్లు వేసుకొని గుణిస్తే 8, నాలుగుసార్లు వేసుకొని గుణిస్తే 16. ఇప్పుడు 8ని 16తో గుణిస్తే 128, అంటే రెండును ఏడుసార్లు వేసుకొని గుణించినట్టు. పైకి గుణకారం జరిగింది, లోపల మాత్రం 3, 4 కూడుకొని 7 అయ్యాయి. 8, 16 లోపల ఏముందో ఎవరైనా చెప్పేస్తారు కాబట్టి ఇందులో రహస్యం ఏమీ లేదు. అదే సూత్రాన్ని వందల అంకెల పొడవున్న సంఖ్యల మీదికి తీసుకుపోయి, చెవి లేనివాడికి లోపలిది తెలియకుండా చేసినవాటిలో బాగా వాడుకలో ఉన్నది 1999లో ఫ్రాన్స్‌కు చెందిన పాస్కల్ పాయే ఇచ్చిన పద్ధతి. (పేరు వింటే తెలంగాణవాళ్లకు "అంతా పాయె" అన్నట్టు వినిపిస్తుంది, కానీ ఇందులో ఏమీ పోదు.) తాళం వేసిన రెండు అంకెలను గుణిస్తే, లోపలి అంకెలు కూడుకుంటాయి. తెలిసిన అంకెతో హెచ్చవేయడం కూడా కుదురుతుంది, మైనస్ 1తో హెచ్చవేసి కూడితే అదే తీసివేత. తాళం వేసిన రెండింటిని లోపల ఒకదానితో ఒకటి గుణించడం మాత్రం దీని వల్ల కాదు.

కూడిక, తీసివేత వచ్చాయి కదా, ఇక పోల్చడం ఎంత పని అనిపిస్తుంది. అమ్మేవాడు తన 42కు తాళం వేసి పంపుతాడు, కొనేవాడు తాళం తీయకుండానే 45లోంచి దాన్ని తీసేసి పంపుతాడు, అమ్మేవాడు విప్పి చూస్తే 3. సున్నా కంటే పైన ఉంది కాబట్టి బేరం కుదురుతుంది. కానీ 42 తనదే, తేడా 3 అని తెలిసింది, ఇక అవతలివాడిది 45 అని తెలుసుకోవడానికి వేళ్లు కూడా మడవాల్సిన పని లేదు. తేడా చెప్పడమంటే అంకె చెప్పినట్టే.

సరే, ఆ తేడాను ఏదో ఒక రహస్య సంఖ్యతో హెచ్చవేసి పంపితే? కొనేవాడు 17తో హెచ్చవేశాడు అనుకుందాం, అమ్మేవాడికి 51 కనిపిస్తుంది. 51ని శేషం లేకుండా భాగించేవి 1, 3, 17, 51 మాత్రమే, ఆ ఊళ్లో ఎకరం ధర తెలిసినవాడు 17, 51 లక్షల తేడాలను నవ్వి కొట్టేస్తాడు, ఇక మిగిలింది 1 లేదా 3. అంటే కొనేవాడిది 43 లేదా 45, దాదాపు దొరికిపోయినట్టే. హెచ్చవేసే సంఖ్యను చాలా పెద్దది తీసుకొని, దాని కంటే చిన్నది ఇంకోటి కలిపి మసక చేయవచ్చు, అట్లా చేసేవాళ్లూ ఉన్నారు, అయినా వచ్చిన సంఖ్య మరీ చిన్నదైతే తేడా కూడా చిన్నదేనని ఎదుటివాడు ఊహించేస్తాడు. ఇంటర్నెట్‌లో కనిపించే సులభమైన ఉదాహరణలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి, చదివినవాళ్లు ఇదే సురక్షితమైన పద్ధతి అనుకుంటారు. కాదు.

పని చేసే పద్ధతికి మూలం మూడో తరగతి లెక్కల పుస్తకంలో ఉంది. రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పాలంటే ఎడమ నుంచి చూసుకుంటూ రావాలి, మొదటిసారి ఎక్కడ తేడా వస్తే అక్కడ ఎవరి అంకె పెద్దదో వాళ్లదే పెద్ద సంఖ్య, ఆ తర్వాత కుడివైపు ఏముందో పట్టించుకోవాల్సిన పని లేదు. కంప్యూటర్ సంఖ్యలను సున్నాలు, ఒకట్లుగా రాస్తుంది. 42 అంటే 101010, 45 అంటే 101101. ఎడమ నుంచి మూడు స్థానాలు రెండింటిలోనూ ఒకటే, నాలుగో స్థానంలో 42కు 0, 45కు 1. అక్కడితో తేలిపోయింది.

ఇప్పుడు దీన్ని తాళాల కింద చేయాలి. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌కు చెందిన పరిశోధకులు డామ్‌గార్డ్, గైస్లర్, క్రోయ్‌గార్డ్ 2007లో ఆన్‌లైన్ వేలం పాటల కోసం చెప్పిన పద్ధతి దాదాపు ఇట్లా నడుస్తుంది. అమ్మేవాడు తాళమూ చెవీ తయారుచేసుకుంటాడు. తాళం వేసే వీలు ఎవరికైనా ఇస్తాడు, తీసే చెవి మాత్రం తన దగ్గరే. తన సంఖ్యలోని ఆరు బిట్లకూ, అంటే ఆ ఆరు సున్నాలకూ ఒకట్లకూ, విడివిడిగా తాళం వేసి కొనేవాడికి పంపుతాడు. కొనేవాడి ముందు ఆరు మూసిన డబ్బాలు, లోపల సున్నా ఉందో ఒకటి ఉందో ఆయనకు తెలియదు. ప్రతి స్థానంలో ఆయన చేసేది ఒకటే లెక్క. ఆ డబ్బాలోని బిట్టులోంచి తన బిట్టు తీసేయాలి, 1 కలపాలి, దానికి ఎడమవైపున్న స్థానాల్లో ఎన్నిచోట్ల ఇద్దరి బిట్లూ వేరుగా ఉన్నాయో ఆ సంఖ్య కలపాలి. వేరుగా ఉన్నాయో లేదో డబ్బా తెరవకుండా ఎట్లా తెలుస్తుంది? ఆయనకు తెలియాల్సిన పని లేదు. తన బిట్టు 0 అయితే డబ్బాలో ఉన్నదే ఆ జవాబు, తన బిట్టు 1 అయితే ఒకటిలోంచి డబ్బాలోనిది తీసేస్తే వచ్చేదే జవాబు, రెండూ తాళం కిందే జరుగుతాయి. మొత్తం మీద కూడిక, తీసివేత తప్ప ఇంకేమీ లేదు, అందుకే పాయే లాంటి పద్ధతికి ఇది సరిపోతుంది.

కాగితం మీద వేసి చూస్తే నమ్మకం కలుగుతుంది. 101010, 101101 తీసుకుంటే మొదటి స్థానంలో 1లోంచి 1 పోతే 0, ఒకటి కలిపితే 1. రెండో స్థానంలోనూ 1, మూడో స్థానంలోనూ 1. నాలుగో స్థానంలో 0లోంచి 1 పోతే మైనస్ 1, ఒకటి కలిపితే 0, ఎడమవైపు తేడాలు లేవు కాబట్టి అది 0గానే ఉంటుంది. అయిదో స్థానంలో 1లోంచి 0 పోయినా 1, ఒకటి కలిపితే 2, ఎడమవైపు ఇప్పటికే ఒక తేడా ఉంది కాబట్టి 3. ఆరో స్థానంలో మైనస్ 1కి ఒకటి కలిపితే 0, ఎడమవైపు రెండు తేడాలు కాబట్టి 2. వరుసగా 1, 1, 1, 0, 3, 2. ఒకే ఒక్క సున్నా వచ్చింది. అమ్మేవాడిది 48 అయితే, అంటే 110000 అయితే, ఇదే లెక్కకు 1, 2, 1, 2, 4, 3 వస్తాయి, సున్నా లేదు. అమ్మేవాడిది చిన్నదైతేనే సున్నా వస్తుంది, వచ్చినా ఒక్కటే వస్తుంది, ఎందుకంటే మొదటి తేడా దాటాక ఎడమవైపు లెక్క కనీసం ఒకటి ఉంటుంది, అది సున్నా కానివ్వదు.

ఈ ఆరు డబ్బాలను ఇట్లాగే తిరిగి పంపితే మళ్లీ గుట్టు రట్టే, ఆ 3, 2 చూసి అమ్మేవాడు వెనక్కి లెక్కగట్టుకుంటాడు. అందుకని పంపేముందు కొనేవాడు రెండు పనులు చేస్తాడు. ప్రతి డబ్బాలోని దాన్నీ తనకు మాత్రమే తెలిసిన ఒక్కో పెద్ద సంఖ్యతో హెచ్చవేస్తాడు, దాంతో 1, 3, 2 లాంటివన్నీ అర్థం పర్థం లేని పెద్ద సంఖ్యలు అయిపోతాయి, సున్నాను మాత్రం దేనితో హెచ్చవేసినా సున్నానే. తర్వాత ఆరింటినీ పేకముక్కల్లా కలిపేస్తాడు, లేకపోతే సున్నా నాలుగో చోట దొరికిందన్న సంగతే ఎంతో చెబుతుంది. చెవి ఉన్న అమ్మేవాడు ఆరూ తెరుస్తాడు. ఒకదాంట్లో సున్నా ఉంటే కొనేవాడిది ఎక్కువ, లేకపోతే కాదు. ఆయనకు దొరికేది అంత మాత్రమే. కొనేవాడికి అది కూడా దొరకదు, అమ్మేవాడు చెప్పాలి.

చదివేటప్పుడు చాలామంది దాటేసే మెలిక ఇంకోటి ఉంది. బిట్టు అంటే రెండే రకాలు, 0 లేదా 1. తాళం వేసే వీలు అందరికీ ఇచ్చేశాం. మరి కొనేవాడు తానే ఒక 0కు తాళం వేసి, తానే ఒక 1కి తాళం వేసి, వచ్చిన ఆరు డబ్బాలతో పక్కపక్కన పెట్టి చూసుకుంటే? అచ్చు ఒకేలా ఉన్నవి పట్టేయడం ఎంత సేపు. అందుకే ప్రతిసారి తాళం వేసేటప్పుడు కొంత యాదృచ్ఛికత, అంటే గుడ్డిగా తీసిన ఒక సంఖ్య, కలుపుతారు, ఒకే సున్నాకు వందసార్లు తాళం వేస్తే వంద రకాలుగా కనిపించాలి. పాయే పద్ధతిలో ఆ ఏర్పాటు మొదటి నుంచే ఉంది. పాఠ్యపుస్తకాల్లో కనిపించే ముడి ఆర్‌ఎస్‌ఏ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో లేదు, అందుకే అది గుణకారాన్ని తాళం కింద చేయగలిగినా ఇట్లాంటి పనికి పనికిరాదు. తిరిగి పంపే డబ్బాలకు కూడా కొనేవాడు కొత్త యాదృచ్ఛికత కలపాలి, మరిచిపోతే అమ్మేవాడు తన పాత డబ్బాల గుర్తులు పట్టుకొని వెనక్కి నడుస్తాడు.

ఇద్దరి అంకె ఒకటే అయితే? రెండూ 45 అనుకుంటే ఆరు చోట్లా 1 వస్తుంది, సున్నా రాదు, లెక్క ప్రకారం బేరం లేదని తేలుతుంది, నిజానికి ఇద్దరూ చేతులు కలపాల్సిన ధర అది. దీనికి చిన్న చిట్కా ఉంది. అమ్మేవాడు తన సంఖ్యను రెట్టింపు చేస్తాడు, కొనేవాడు రెట్టింపు చేసి ఒకటి కలుపుతాడు. 90, 91. బిట్లు ఆరు కాస్తా ఏడవుతాయి, సమానమైనప్పుడు కూడా అవుననే వస్తుంది.

ఖర్చు సంగతి కూడా చూడాలి. పాయే పద్ధతిలో నేడు సాధారణంగా వాడే 2048 బిట్ల పరిమాణానికి తాళం వేసిన ప్రతి డబ్బా 4096 బిట్లు ఉంటుంది, అంటే ఒక్క బిట్టు దాచడానికి 512 బైట్లు. ఆరు బిట్లకు 3 కేబీ, రూపాయల దాకా లెక్క కావాలనుకొని 24 బిట్లు తీసుకుంటే 12 కేబీ. ఒక వాట్సాప్ ఫోటోతో పోలిస్తే ఇదేమీ కాదు, ఇద్దరు మనుషుల బేరానికి ఫోన్‌లో క్షణాల పని. లక్షల మంది అంకెలను ఒకరితో ఒకరివి పోల్చాలన్నప్పుడే చెమటలు పడతాయి.

గణితం ఇంత గట్టిగా ఉన్నా ఓటమి ఇంకో వైపు నుంచి వస్తుంది, ఎక్కువ మంది పట్టించుకోని వైపు అదే. అమ్మేవాడు ఒక్కసారి కాకుండా మళ్లీ మళ్లీ అడగగలిగితే, ప్రతిసారి వేరే అంకె పెట్టి అడిగితే? 32 పెట్టాడు, కుదురుతుంది అని వచ్చింది. 48 పెట్టాడు, కుదరదు. 40, కుదురుతుంది. 44, కుదురుతుంది. 46, కుదరదు. 45, కుదురుతుంది. ఆరు ప్రశ్నలకు కొనేవాడి గుట్టు మొత్తం బయటికి వచ్చేసింది, ఒక్క తాళం కూడా పగలలేదు, ఒక్క నియమం కూడా తప్పలేదు. కోటి రూపాయల దాకా ఒక్కో రూపాయి తేడాతో వెతికినా 24 ప్రశ్నలు చాలు. తాళం అంకెను దాస్తుంది, జవాబును దాచదు, ప్రతి జవాబుతోనూ అంకె కొంచెం కొంచెం కారిపోతూనే ఉంటుంది. కాబట్టి ఇట్లాంటి ఏర్పాటు చేసేవాళ్లు మొదట రాసుకోవాల్సిన నియమం ఎవరు ఎన్నిసార్లు అడగవచ్చు అన్నది, ఏ సాఫ్ట్‌వేర్ లైబ్రరీ వాడాలన్నది ఆ తర్వాత.

అబద్ధం సంగతి వేరు. అమ్మేవాడు 42కు బదులు 50 పెడితే ఏ ఎన్‌క్రిప్షనూ ఆపలేదు, అది ఆయన ఇష్టం, బేరం చెడితే నష్టమూ ఆయనదే. సున్నా వచ్చినా రాలేదని చెప్పే వీలు కూడా ఉంది. పైన చెప్పిన పద్ధతి, ఇద్దరూ నియమం ప్రకారమే ఆడతారు గానీ వీలైతే తొంగి చూస్తారు అనే నమ్మకం మీద కట్టింది. నియమమే తప్పేవాళ్లను పట్టుకోవాలంటే ప్రతి అడుగుకూ "సరిగానే చేశాను" అని రుజువు జతచేయించే పద్ధతులు ఉన్నాయి, బరువు మాత్రం పెరుగుతుంది.

ఇంతకూ కూడికా గుణకారమూ రెండూ తాళం కింద చేయగలిగితే ఇన్ని మెలికలు అక్కరలేదు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. బిట్ల మీద ఆ రెండూ వస్తే ఏ లెక్కయినా వచ్చినట్టే. రివెస్ట్, ఏడిల్‌మన్, డెర్టూజోస్ ఈ ఆలోచనను 1978లోనే బయటపెట్టారు, అది నిజంగా కుదురుతుందని క్రెయిగ్ జెంట్రీ చూపించేసరికి 2009 వచ్చింది. ముప్పై ఏళ్లు ఊరికే పట్టలేదు. ఈ కొత్త రకం తాళాల్లో ప్రతి అంకె చుట్టూ కావాలనే కొంచెం మసక కలుపుతారు, లెక్క చేసేకొద్దీ అది పెరుగుతుంది, కూడికకు కొద్దిగా, గుణకారానికి బాగా. పట్టా పాస్‌బుక్కు జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీసుకుంటూ పోతే కొన్నాళ్లకు సర్వే నంబరే కనపడనట్టు. జెంట్రీ కనిపెట్టింది ఆ మసకబారిన కాగితాన్ని, విప్పకుండానే, మళ్లీ తేటగా చేసే ఉపాయం. మొదట్లో అది చాలా నెమ్మది, 2016లో వచ్చిన టీఎఫ్‌హెచ్‌ఈ పద్ధతి ఒక్కో తేట చేయడాన్ని సెకనులో పదోవంతు కంటే తక్కువకు దింపింది. పోల్చే పనికి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే బిట్టు బిట్టుకూ లెక్క చేసుకుంటూ పోతుంది. 2017 నాటి సీకేకేఎస్ అనేది దశాంశాల లెక్కలకు, మెషిన్ లెర్నింగ్‌కు బాగుంటుంది గానీ పోల్చడంలో తడబడుతుంది. ఎక్కువా తక్కువా అన్నది నిట్టనిలువు గోడ లాంటిది, ఇటు సున్నా అటు ఒకటి, మధ్యలో ఏమీ లేదు, కూడికలు గుణకారాలతో కట్టగలిగేది మాత్రం చెరువు కట్ట లాంటి ఏటవాలే. అంకెలు దూరంగా ఉంటే పరవాలేదు, 44.99, 45 లాంటివి వస్తే ఏటవాలు మీద జారుతూ ఉంటాయి.

ఇదంతా కాగితాల మీదే ఉందా అంటే, రైతులతోనే మొదలైన సంగతి ఒకటి ఉంది. 2008 జనవరిలో డెన్మార్క్‌లో చక్కెర దుంప రైతులు తమ సాగు హక్కులను ఒకరి నుంచి ఒకరు కొనుక్కోవడానికి వేలం పెట్టారు. అప్పట్లో ఆ దేశంలో దుంప కొనే కంపెనీ డానిస్కో ఒక్కటే. ఎంతకు అమ్ముతాం, ఎంతకు కొంటాం అన్నది ఆ కంపెనీకి తెలిస్తే తమ ఆర్థిక పరిస్థితి మొత్తం తెలిసినట్టేనని రైతుల భయం, మిర్యాలగూడ మిల్లు ముందు ధాన్యం ట్రాక్టరు ఆపుకొని నిలబడ్డ రైతుకు ఈ భయం విడమరిచి చెప్పాల్సిన పని లేదు. దాదాపు 1200 మంది ధరలు వేశారు, కంపెనీ, రైతుల సంఘం, పరిశోధకులు ఈ ముగ్గురి కంప్యూటర్లు కలిసి లెక్క చేశాయి, ఏ ఒక్కరికీ ఎవరి ధరా కనిపించలేదు, సుమారు 25,000 టన్నుల హక్కులు చేతులు మారాయి. అక్కడ వాడింది హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్ కాదు, అంకెను ముక్కలు చేసి ముగ్గురి దగ్గరా తలా ఒకటి ఉంచే పద్ధతి, విడిగా ఏ ముక్క చూసినా చెత్తే. కానీ ప్రశ్న అదే, ఎవరిది ఎక్కువ అన్నదే.

మన మార్కెట్ యార్డుల్లో ఖరీదుదార్లు వేసే టెండర్‌కూ ఇదే వర్తిస్తుంది. చీటీ మీద రాసి డబ్బాలో వేసినా, ఫోన్‌లో కొట్టినా, అన్నింటిలో పెద్దది ఏదో చెప్పాలంటే ఎవరో ఒకరు, మనిషో సర్వరో, అన్నీ చూడాల్సిందే. నల్లగొండ బత్తాయికి ఆరుగురు ధర వేస్తే రైతుకు కావాల్సింది పై ధర ఒక్కటే, మిగతా అయిదు ధరలు ఎవరు ఎంతకు వేశారో తెలిసినవాడికి రేపటి యార్డు మీద పట్టు దొరుకుతుంది. వేర్వేరు చేతుల్లో ఉండే చెవులతో తాళాల కింద పోల్చే పద్ధతి ఇట్లాంటి చోటనే నిజంగా అక్కరకొస్తుంది, చెరువు కట్ట మీద ఇద్దరు మిలియనీర్లు పందెం వేసుకున్నప్పుడు కాదు. అప్పు ఇచ్చేవాడికి జీతం 30 వేలు దాటిందా అన్నది చాలు, జీతం ఎంతో అక్కరలేదు, అక్కడ కూడా ఇదే లెక్క.

ఛాయ్ హోటల్ దగ్గర ఇంకా ఒక పేచీ మిగిలే ఉంది. ఆరో ఏడో డబ్బాలు అటూ ఇటూ తిరిగాయి, సున్నా దొరికింది, బేరం కుదురుతుందని తేలింది. ఎంతకు? ఇద్దరి అంకెలకూ సరిగ్గా మధ్యలో తెంచమని ఫోన్‌కే చెప్పేయవచ్చు, కూడిక పనే కాబట్టి పాయే పద్ధతి ఇట్టే చేసిపెడుతుంది. 43న్నర అని వస్తుంది. కానీ ఆ మాట వినగానే 42 పెట్టిన అమ్మేవాడు 43న్నరను రెట్టింపు చేసి తన 42 తీసేసుకుంటాడు, 45 దాకా వచ్చే మనిషి దగ్గర ఒకటిన్నర లక్ష వదులుకున్నానని ఎకరానికి లెక్క కట్టుకుంటాడు, నాలుగెకరాలకు ఆరు లక్షలు. సంచకారం పుచ్చుకోవడానికి చాచిన చెయ్యి వెనక్కి పోతుంది, ఇంకో రెండు ఛాయ్‌లు చెప్తారు.